దిండు కింది బొమ్మ

ఆ పొద్దున కమలవ్వ వేసుకున్న పథకం చాలా చిన్నది. బిడ్డకు ఏమీ తెలియకూడదు, అంతే. గొంతులో గడ్డలు కోసి తీస్తారని తెలిస్తే ఏడేళ్ల బాలలక్ష్మికి గుండె ఆగిపోతుందని ఆమె భయం. అందుకే పెద్దపల్లిలో బస్సెక్కించేటప్పుడు "కరీంనగరంల గాజులు కొనిస్త" అంది. ఆస్పత్రిలో పిల్లల వార్డులో పడుకోబెట్టేటప్పుడు "దుకాణం రేపు తీస్తరట" అంది. ఇక మిగిలింది చాయలో డబుల్ రొట్టె ముంచి తినిపించడం, మాటల్లో పెట్టి ఆపరేషన్ గది దాకా నడిపించడం. హైదరాబాదు నుంచి గొంతు డాక్టరు లక్ష్మీకాంతరావు నెలకొక్కసారే వస్తాడు. ఈ పూట తప్పిపోతే, గంజి మింగడానికే కళ్లనీళ్లు పెట్టుకునే పిల్ల ఇంకో నెల ఎండిపోవలసిందే.

"తిను బిడ్డా, జరంత తిను."

బాలలక్ష్మి మూతి బిగించింది. గొంతు నొప్పికి మాట పెగలదు. గుసగుసగా అంది: "ఇయ్యాల తినొద్దు. బొమ్మ గూడ తింటలేదు."

"ఏ బొమ్మనే?"

పిల్ల నవ్వి పెదవుల మీద వేలు పెట్టుకుంది. ఇంతలో కాంపౌండరు వచ్చి, తూకం చూడాలంటూ దాన్ని తీసుకుపోయాడు.

నిన్నటిదాకా నొప్పితోనే అయినా డబుల్ రొట్టె కోసం కొంగు పట్టుకుని తిరిగిన పిల్ల వద్దంటుందా? పైగా ఆ నవ్వేమిటి? ఆలోచిస్తూనే కమలవ్వ దుప్పటి సర్దబోయి దిండెత్తింది. ఎత్తిన దిండు చేతిలోనే ఉండిపోయింది.

కింద గుడ్డబొమ్మ. గొంతు దగ్గర ఎర్రటి రంగు. జబ్బకు గుచ్చిన సన్నని వెదురు సూది. నెత్తిమీద నిజం వెంట్రుకలు, అవీ బాలలక్ష్మివే. ఒంటిమీది లంగా ముక్క ఎవరిదో చెప్పనవసరం లేదు. ఆ అంచు తన మగడు పర్శరాములు మగ్గం మీద నేసిందే.

"ఓ లస్మవ్వా! నా కొంప మునిగింది! నా బిడ్డకు బాణామతి చేసిన్రు!"

ఎదురు మంచం దగ్గరున్న లస్మవ్వ మంచి లావుపాటి మనిషి. కాలు విరిగిన మనవడి పక్కన కునుకుతున్నదల్లా లేచి వచ్చి చూసింది. చేతబడికి మనిషి బట్ట కావాలి, వెంట్రుక కావాలి. రెండూ ఉన్నాయి. ఏదో తోచి వెనక్కి ఉరికి మనవడి దిండెత్తింది. అక్కడా బొమ్మే! కాలికి అటో పుల్ల, ఇటో పుల్ల పెట్టి కట్టేసి ఉంది.

"ముట్టకు అవ్వా, గది నాది!" అని మనవడు అరిచాడు.

"విన్నవా కమలవ్వా? పిల్లగాని నోట్లకెల్లి అదే పలుకుతున్నది!"

ఇక వార్డులో దిండన్నది దిండు చోట లేదు. ప్రతి దాని కిందా ఒక బొమ్మ, ప్రతి బొమ్మకూ ఆ పిల్లకున్న జబ్బే. తల్లులు పిల్లల్ని చంకనేసుకుని వరండాలోకి పరిగెత్తారు. పిల్లలేమో బొమ్మల కోసం చేతులు చాపి ఏడ్పు. ఆ ఏడ్పు విని తల్లులు ఇంకా గట్టిగా శోకాలు.

కమలవ్వ వరండాలో నిలబడ్డ మగడి మీద విరుచుకుపడింది. "నిలవడి సూస్తవేంది? గా ఊరవతలి రాయమల్లును తోల్కరాపో!"

"డాక్టరచ్చే యాళ్లకు మంత్రగాడేందే?" అన్నాడు పర్శరాములు.

"డాక్టరు గొంతే కోస్తడు. గిది పానమే తీస్తది. పోతవా, పోవా?"

పర్శరాములు ఎవరిదో సైకిలు పట్టుకుని పోయాడు. ఆడవాళ్లు బొమ్మలన్నిటినీ చీపురుతో వరండాలోకి తోసి, పైన బకెట్ బోర్లించి, బరువుకు లస్మవ్వను కూర్చోబెట్టారు. దేని మీద కూర్చున్నదో గుర్తొచ్చి ఆమె రెండుసార్లు లేచింది. రెండుసార్లూ అందరూ కలిసి అదిమారు.

అప్పుడే డాక్టరు లక్ష్మీకాంతరావు మెట్లెక్కాడు. కమలవ్వ అడ్డంగా నిలబడింది.

"బిడ్డను ముట్టొద్దు సారూ! ముందుగాల బాణామతి తియ్యాలె, గటెన్క నీ కత్తి!"

డాక్టరు గడియారం చూసుకున్నాడు. "సాయంత్రం బండికి నేను వెళ్లిపోవాలి. ఇప్పుడు మొదలుపెట్టకపోతే మళ్లీ వచ్చే నెలే. ఇంతకీ ఆ బకెట్ కింద ఏముంది?"

లస్మవ్వ గొంతు తగ్గించి, "గా సరళాదేవి నర్సమ్మ నిన్న సూది దారం పట్టుకొని కూసున్నది. నా కండ్లార సూసిన" అంది.

కబురందుకుని సరళాదేవి పరుగున వచ్చింది. డ్యూటీ దిగి తలంటుకున్నదేమో, తడి జుట్టు నడుం దాకా విరబోసుకుని ఉంది. ఆ వేషం చూసి తల్లులందరూ ఒక్కసారిగా గోడకు అంటుకుపోయారు.

"ఆ బొమ్మలా? నేనే కుట్టిన" అంది సరళాదేవి.

"ఒప్పుకున్నది! మరి బట్ట?" అంది కమలవ్వ.

"పిల్లనే అడిగి తీసుకున్న."

"వెంట్రుకలు?"

"దువ్వెనల ఉన్నయి ఏరి ఇచ్చింది."

"అయ్యో, నా బిడ్డతోనే ఇప్పిచ్చుకున్నదే!" కమలవ్వ నెత్తి కొట్టుకుంది.

ఆ లొల్లిలో బాలలక్ష్మి తూకం ముగించుకుని వచ్చింది. నేరుగా బకెట్ దగ్గరికి పోయి, "లే అవ్వా, మా మల్లికి ఊపిరాడది" అంది. లస్మవ్వ తనకు తెలియకుండానే లేచింది. పిల్ల తన బొమ్మను తీసి, దుమ్ము దులిపి, ఒడిలో పడుకోబెట్టుకుంది. బాలలక్ష్మి బొంగురు గుసగుస వినబడాలని వరండా అంతా ముందుకు జరిగింది.

"ఇగో, మల్లి పొద్దుగాల ఏం తినది. తింటే కక్కుకుంటది. గీ సూది చీమ కుట్టినట్టుంటది. గటెన్క ముక్కు మీద బట్ట వెడ్తరు. పాడు వాసన. నిద్రవడ్తది. గప్పుడు గీ ఎర్రటి గడ్డలు తీస్తరు. లేస్తే గొంతు మండుతది. ఏడ్వొచ్చు, ఎవరేమనరు. మంచుగడ్డ ఇస్తరు."

కమలవ్వ అక్కడే కూలబడింది. "నీకు గిదంత ఎర్కనా బిడ్డా?"

"నిన్నటి సంది ఎర్కే. గాజుల దుకాణం లేదని గూడ ఎర్కే."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"మీ అవ్వకు గూడ చెప్దామా అని నర్సమ్మ అడిగింది. నేనే వద్దన్న. నువ్వు దడుసుకుంటవని."

డాక్టరు మొహం పక్కకు తిప్పుకుని దగ్గాడు. బాలలక్ష్మి బొమ్మను తల్లి చేతిలో పెట్టి, "నువ్వు పట్టుకో, నీకు బుగులు గాదు" అని, డాక్టరు వెంట తన కాళ్ల మీద తానే నడిచి లోపలికి పోయింది.

తలుపు తెరుచుకునేదాకా కమలవ్వ ఆ బొమ్మకు ఎన్ని సంగతులు చెప్పుకుందో ఆమెకే తెలియదు. తెరుచుకున్నాక బిడ్డ ఏడుపు వినిపించింది. కమలవ్వ ఎగిరి గంతేసింది. "ఏడుస్తున్నది! ఏడుస్తదన్నది, ఏడుస్తున్నది! లస్మవ్వా, మండుతున్నదట! అంత చెప్పినట్టే అయితున్నది!" మంచుగడ్డ వచ్చేసరికి ఆమె ఆనందానికి పట్టపగ్గాలు లేవు.

ఆ సంబరంలోకి పర్శరాములు సైకిలు వెనక రాయమల్లు దిగాడు. సంచీ నిండా నిమ్మకాయలు, చేతిలో నెమలీకల కట్ట, మెడ చుట్టూ మందపాటి శాలువా. "ఏదీ బొమ్మ?" అని గర్జించాడు.

"కూసో మామా, చెప్త" అని కమలవ్వ బొమ్మను ఒడిలో పడుకోబెట్టుకుంది. తినకపోవడం నుంచి మంచుగడ్డ దాకా ఒక్క ముక్క వదలకుండా చెప్పింది. రాయమల్లు నెమలీకలు కింద పెట్టి విన్నాడు. విని, అటూ ఇటూ చూసి, శాలువా మెల్లగా వదులు చేశాడు. కింద గొంతు మీద జామకాయంత గడ్డ.

"కమలవ్వా, గా నిద్రమందు పెద్దోళ్లకు గూడ ఇస్తరా?"

మరుసటి నెల ఆపరేషన్ బల్ల ఎక్కేటప్పుడు రాయమల్లు తాయెత్తులన్నీ విప్పి కాంపౌండరుకు ఇచ్చాడు కానీ, సరళాదేవి తనకు కుట్టిచ్చిన బొమ్మను మాత్రం చేతిలోంచి తీయనివ్వలేదట.