బహ్గత్ గారి స్పీకర్లు మెట్లు దిగిన రోజు

ఆ శుక్రవారం బహ్గత్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య ఇనాయత్ దమన్హూర్‌లో చెల్లెలింటికి వెళ్తుంది, చీకటి పడేదాకా రాదు. ఆమె అటు రైలు స్టేషన్‌కి ట్రామెక్కగానే ఇటు లబీబ్ దుకాణం నుంచి మనుషులు వచ్చి కొత్త స్పీకర్లు దింపి, పాతవి పట్టుకుపోతారు. నమాజు వేళదాకా కూర్చుని తీరిగ్గా వింటాడు. నచ్చకపోతే సాయంత్రానికల్లా పాతవి వెనక్కి వచ్చేస్తాయి, చీమకు కూడా తెలియదు. నచ్చితే మార్పిడి ఖాయం. ఇనాయత్‌కి ఏం చెప్పాలన్నది మాత్రం ఇంకా తోచలేదు. కొత్తవి వింటూంటే అదే తోస్తుందని ధైర్యం చెప్పుకున్నాడు.

అలెగ్జాండ్రియాలో ఆ పేటంతటికీ బహ్గత్ కళ్ళద్దాల దుకాణంకన్నా ఆయన స్పీకర్లే ఎక్కువ తెలుసు. పెళ్ళైన కొత్తలో ఒక గ్రీకు కుటుంబం ఊరు విడిచి వెళ్తుంటే కొన్నవవి. ఒక్కొక్కటి బీరువా అంత ఉంటుంది. వాటిని పెట్టడం కోసం ఇనాయత్ పుట్టింటివాళ్ళిచ్చిన భోజనాల బల్లని అమ్మేయాల్సి వచ్చింది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో అందరూ ఒళ్ళో పళ్ళెం పెట్టుకునే తింటున్నారు.

గురువారం సాయంత్రమైతే పాటల పిచ్చివాళ్ళు అక్కడ చేరతారు. వాళ్ళలో పళ్ళ డాక్టరు రమ్జీ ఏడాదికో జత మారుస్తాడు. సంగీతం మాస్టారు ముఖ్తార్ తనకున్న జతే జీవితాంతం చాలంటాడు, కానీ ఆ మాట అంటూ ఒక నిట్టూర్పు విడుస్తాడు. నిట్టూర్పు లేకుండా అనగలిగినవాడు బహ్గత్ ఒక్కడే. "పెళ్ళాన్నీ స్పీకర్లనీ మార్చాలనిపించిందంటే లోపం మన చెవుల్లో ఉన్నట్టోయ్ రమ్జీ. నేను పోయాకే ఇవి ఈ మెట్లు దిగేది," అనేవాడు. టీ తెచ్చిన ఇనాయత్ ఆ మాటకి చిన్నగా నవ్వేది. గుమ్మంలో కూర్చుని పాటలు వినే కాపలాదారు సబ్రీ తల పంకించేవాడు.

ఇలాంటి మనిషి రెండు నెలల కిందట తీగ ఒకటి అతికించుకుందామని లబీబ్ దుకాణానికి వెళ్ళి, అక్కడ మోగుతున్న కొత్త జతని ఒక్క పాటసేపు విన్నాడు. అంతే. ఇంటికొచ్చి అదే పాట పెడితే గాయని నోటికి శాలువా అడ్డం పెట్టుకుని పాడుతున్నట్టు వినిపించింది. మర్నాడూ అలాగే ఉంది. గురువారాలు తృప్తి గురించి మరింత గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టాడు.

శుక్రవారం పొద్దున లబీబ్ మనుషులు కొత్త స్పీకర్లు పైకి చేర్చేవేళకి సబ్రీ బాబాయ్ ఉడికించిన చిక్కుళ్ళ కోసం సందు చివరికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి పాతవి దిగుతున్నాయి. గీతలు పడకుండా బహ్గత్ వాటికి స్వయంగా తెల్ల దుప్పట్లు చుట్టబెట్టాడు. సబ్రీ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

"ఇవి అయ్యగారివి కదూ. ఎక్కడికి?"

"ఆయనకి ఇక వీటితో పనిలేదు బాబాయ్," అన్నాడు ముందున్నవాడు రొప్పుతూ.

సబ్రీ గోడకి ఆనుకున్నాడు. "ఎప్పుడు?"

"ఇందాకే. అమ్మగారు అలా వెళ్ళిన కాసేపటికి."

"బాధపడ్డారా ఏమన్నా?"

"ఆయనకేం బాధ. నవ్వు మొహంతోనే ఉన్నారు."

"మంచిమనిషి," అన్నాడు సబ్రీ కళ్ళు తుడుచుకుంటూ. "అలాగే పోవాలి."

"పోతాయి, పోతాయి. నువ్వు కాస్త ఆ తలుపు పట్టుకో."

వాళ్ళ బండి కదిలాక సబ్రీ మూడో అంతస్తుకి ఎక్కాడు. గంట నొక్కితే మోగలేదు. పాటలు వినేటప్పుడు బహ్గత్ గంట తీగ పీకేస్తాడన్న సంగతి అతనికి తెలుసు, కానీ ఆ క్షణంలో గుర్తు రాలేదు. తలుపు మీద మెల్లగా తట్టాడు. లోపలి నుంచి ఖురాన్ పఠనం గంభీరంగా వినిపించింది. బహ్గత్ ఏ స్పీకర్‌నైనా మొదట పరీక్షించేది ఒక వృద్ధ షేక్ గారి పఠనంతోనే. మనిషి గొంతు సరిగా పలికితే మిగతావన్నీ వాటంతటవే పలుకుతాయని ఆయన నమ్మకం. సబ్రీకి మాత్రం ఇక సందేహం మిగల్లేదు. లోపల ఆఖరి స్నానం చేయిస్తున్నారు కాబోలని, అడ్డు రాకూడదని వచ్చినదారినే దిగి రమ్జీకి ఫోన్ చేశాడు.

"నిన్న సాయంత్రమే కదా నా కొత్త స్పీకర్లని తిట్టాడు," అన్నాడు రమ్జీ. "ఎంత ఆరోగ్యంగా తిట్టాడు."

బహ్గత్‌కి ఫోన్ చేస్తే కట్టేసి ఉందని వచ్చింది. రమ్జీ ముఖ్తార్‌కి చెప్పాడు. ఇద్దరూ కలిసి, కబురు మెల్లగా అందించాలనుకుని ఇనాయత్‌కి ఫోన్ చేశారు. "కంగారేమీ లేదమ్మా. బహ్గత్‌కి కొంచెం నలతగా ఉంది. నువ్వు బయల్దేరి వచ్చేయ్." ఆ ఊళ్ళో 'కొంచెం నలత' అని పొరుగువాళ్ళు ఫోన్ చేశారంటే ఇక మందులు వెతకక్కర్లేదని అందరికీ తెలుసు. దమన్హూర్ స్టేషన్‌లో అప్పుడే దిగిన ఇనాయత్ చెల్లెలి చేతికి స్వీట్ల పెట్టె ఇచ్చేసి, టాక్సీ మాట్లాడుకుని వెనక్కి తిరిగింది.

సందులో కుర్చీలు అద్దెకిచ్చేవాడికి ఎవరూ చెప్పకుండానే తెలిసింది. తెల్లదుప్పట్లు చుట్టిన పొడవాటివేవో బండెక్కడం ఎదురింటి మెకానిక్ షెడ్డువాళ్ళు చూశారు. అవి ఏమిటన్నది మాత్రం అడగలేదు. చావుకి వచ్చినవాళ్ళకి పోసే చక్కెర లేని కాఫీ మరగసాగింది. పైన తలుపు తట్టడానికి ఇద్దరు ముగ్గురు వెళ్ళారు, పఠనం విని చెప్పులు చేత్తో పట్టుకుని దిగొచ్చారు. ఇంటావిడ వచ్చేదాకా ఆగుదామనుకున్నారు.

లోపల బహ్గత్ కిటికీలన్నీ బిగించుకుని మరో లోకంలో ఉన్నాడు. షేక్ గారు ఊపిరి తీసుకోవడం వినిపించింది. ఎడమవైపు ఎవరో దగ్గారు. ఇన్నేళ్ళుగా విన్న రికార్డులో అక్కడొక మనిషి ఉన్నట్టు ఆయనకి ఇవాళే తెలిసింది. ఆ దగ్గినవాణ్ణి కావలించుకోవాలనిపించింది. తర్వాత వాద్యాలు విన్నాడు. ఒక్కో తీగ విడివిడిగా మెరిసింది. ఆఖరికి తనకి ప్రాణమైన పాట పెట్టాడు.

అన్నీ వినిపించాయి. వేళ్ళు, తీగలు, పెదవులు, కుర్చీ కిర్రుమనడం. పాట ఒక్కటే తన దాకా రాకుండా ఎక్కడో ఆగిపోయింది. స్పీకర్లు కాస్త ముందుకి జరిపాడు, గోడవైపు తిప్పాడు, కుర్చీ మార్చాడు. గాయని శాలువా తీసేసి స్పష్టంగా పాడుతోంది, కానీ ఇదివరకులా తన కోసం పాడటం లేదు. పాట అయిపోయాక, ఆ నిశ్శబ్దంలో కింద కుర్చీలు ఈడ్చిన చప్పుడైంది.

బాల్కనీలోంచి చూస్తే సందునిండా వరసగా కుర్చీలు. నల్లకోట్లు. "అయ్యో, పై అంతస్తు తఫీదా హాజీ అమ్మ," అనుకున్నాడు. పాపం, ఆయన పాటల మోతకి కర్రతో నేల కొట్టి కొట్టి ముసలిదైపోయింది. మనిషి పోయిన ఇంట్లో తాను ఇంతసేపూ మోత పెట్టాడు. సిగ్గుతో అన్నీ కట్టేసి, నల్లకోటు తొడుక్కుని కిందికి దిగాడు. సబ్రీ కాఫీ తేవడానికి వెళ్ళాడు. వచ్చినవాళ్ళంతా వీధివైపు మొహం పెట్టి కూర్చున్నారు. బహ్గత్ తల వంచుకుని ఆఖరి వరసలో ఒక కుర్చీలో చేరాడు.

పక్కన ఎదురింటి షెడ్డు మెకానిక్కు ఉన్నాడు, ఈ మధ్యే పనిలో చేరినవాడు. "పాపం, హాజీ అమ్మ ఎప్పుడు పోయింది?" అనడిగాడు బహ్గత్ గుసగుసగా.

"అమ్మెవరు సార్? పోయింది కళ్ళద్దాల బహ్గత్ గారు. మీకు బాగా తెలుసా?"

బహ్గత్ జవాబు చెప్పబోయాడు. అంతలో ముందు వరసలోంచి ముఖ్తార్ గొంతు వినిపించింది. "ఇలాంటప్పుడు మాట్లాడకూడదు గానీ, ఆ స్పీకర్లు ఎవరు పట్టుకుపోయారో తెలిసిందా?"

"నేనూ అదే అడుగుదామనుకుంటున్నా," అన్నాడు రమ్జీ.

"నీకెందుకయ్యా, నీవి కొత్తవేగా?"

"నీకు మాత్రం ఎందుకు, జీవితాంతం నీవి చాలన్నావుగా?"

"ఎక్కడ చాలతాయి. ఇక్కడ విని ఇంటికెళ్ళి నావి పెడితే చల్లారిన టీ తాగినట్టుండేది. తృప్తీ లేదు, పాడూ లేదు. ఇలాంటివి దొరక్క వాటితో సరిపెట్టుకున్నా."

"నేను జతమీద జత మార్చిందీ ఇలాంటివి దొరక్కే," అన్నాడు రమ్జీ. "ఇనాయత్ కాస్త కుదుటపడ్డాక ముందు నేనడుగుతా. వాడికి నేనే ఎక్కువ దగ్గర."

"దగ్గరా? వాడు నీ పేరు చెబితేనే విసుక్కునేవాడు."

బహ్గత్ గుండె నిండిపోయింది. రెండు నెలలుగా చిన్నబోయిన ఆ పాత పెట్టెలు ఆయన కళ్ళముందు మళ్ళీ బీరువాలంత ఎత్తున లేచి నిలబడ్డాయి. అంత గొప్పవాటిని తాను చేజేతులా బండెక్కించాడు. ఆయన లేచి నిలబడి, "అవి ఎవరికీ ఇవ్వను," అన్నాడు.

"నువ్వు ఊరుకోవయ్యా, మధ్యలో నీకేం తెలుసు," అన్నాడు రమ్జీ తల తిప్పకుండానే. తర్వాత తిప్పాడు. కాఫీ పళ్ళెంతో వస్తున్న సబ్రీ కూడా సరిగ్గా అప్పుడే చూశాడు. కప్పులన్నీ నేలపాలయ్యాయి. పై అంతస్తు కిటికీలోంచి తఫీదా హాజీ అమ్మ తొంగిచూసి, "పోలేదా? అయితే ఆ చప్పుడు రేపు కూడా ఉంటుందన్నమాట," అని కిటికీ వేసుకుంది.

ముఖ్తార్ ఆయన్ని కావలించుకుని నిజంగానే ఏడ్చాడు. రమ్జీ ఒకచేత్తో కళ్ళు తుడుచుకుంటూ రెండోచేత్తో బహ్గత్ నాడి పట్టుకుని చూశాడు. ఇంతలో టాక్సీ ఆగి ఇనాయత్ దిగింది. జనం దారిచ్చారు. ఆమె వచ్చి భర్త చెంప తడిమింది, వేడిగా ఉందని చూసుకుని భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుపయ్యాక ఆయన జబ్బ మీద గట్టిగా గిల్లింది.

"దారి పొడుగునా నిన్ను తలుచుకుని గుండె బాదుకున్నాను. ఏమిటిదంతా?"

ఇక దాచడానికి చోటు లేదు. సందంతా వింటుండగా బహ్గత్ మొత్తం చెప్పేశాడు. లబీబ్ దుకాణం, శాలువా, దుప్పట్లు. చివర్లో గొంతు తగ్గించి, "నిన్ను మాత్రం మార్చే ఆలోచన ఎన్నడూ లేదు ఇనాయత్," అన్నాడు.

ఇనాయత్ కళ్ళు తుడుచుకుంది. "కొత్తవి ఎంత వెడల్పున్నాయి?" అనడిగింది.

"పాతవాటిలో సగం కూడా ఉండవు."

"అయితే గోడవారన భోజనాల బల్ల పడుతుంది." ఆమె ముక్కు చీదుకుంది. "ఇన్నేళ్ళూ ప్రతి గురువారం నలుగురి ముందూ నన్ను ఆ బీరువాలతో పోల్చావు. పైకి నవ్వి ఊరుకున్నాను. పోయాయిగా, పీడా పోయింది."

"కానీ నాకిప్పుడు అవే కావాలే," అన్నాడు బహ్గత్ నీరసంగా.

"చచ్చి బతికినవాడివి. ఇవాళ్టికి నేను చెప్పింది విను."

అప్పుడొచ్చాడు లబీబ్, నల్ల టై కట్టుకుని, మొహం వేలాడేసుకుని. బహ్గత్‌ని ఎదురుగా చూసి కొయ్యబారిపోయాడు. దేవుడి దయ అన్నాడు, చేతులు పట్టుకున్నాడు. ఆ వెంటనే, "మరైతే స్పీకర్లు?" అన్నాడు.

"ఎక్కడున్నాయి?" అన్నాయి మూడు గొంతులు ఒక్కసారే.

"మీరు పోయారని తెలిశాక వాటిని దుకాణంలో నలుగురికీ చూపించబుద్ధి కాలేదండీ. మా ఇంటికి చేర్పించి, మీ ఆత్మశాంతికని ఒక్క పాట పెట్టుకున్నా." లబీబ్ నల్ల టై వదులు చేసుకున్నాడు. "ఊరంతటికీ అమ్ముతానే గానీ మా ఇంట్లో ఏ జతా నెల నిలవలేదు. ఆ పాటతో నాకు అర్థమైపోయింది. మీకు కొత్తవి నచ్చితే మార్పిడి ఖాయమనుకున్నాం కదా. ఇక వీటిని మార్చను. జీవితాంతం నాకివి చాలు."

"మాకు కొత్తవి నచ్చాయి," అంది ఇనాయత్.

రమ్జీ, ముఖ్తార్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కుర్చీలవాడు కుర్చీలు మడవనా వద్దా అని నిలబడ్డాడు. బహ్గత్ ఒక కుర్చీ లాగి లబీబ్‌ని కూర్చోబెట్టి, మిగిలిన కాఫీ చేతికిచ్చి, ఈ మధ్య బీపీ ఎంతుంటోందని ఎంతో ఆప్యాయంగా అడిగాడు.