ల్యాబ్ ఎలుక వైభోగం

మెదక్‌లో మనిషిగా పుట్టడం కన్నా హైదరాబాద్‌లో ల్యాబ్ ఎలుకగా పుట్టడం వెయ్యి రెట్లు మేలు! నవ్వకండి. చాలా సీరియస్‌గా చెబుతున్నాను.

నా దోస్తు జయానందం అక్కడ ఒక క్యాన్సర్ ల్యాబ్‌లో ఎలుకలకు మేత వేస్తాడు. అవి మామూలు ఎలుకలు కావు. ఒంట్లో గడ్డలు లేవకుండా కాపలా కాసే జన్యువు ఒకటి ఉంటుందట. ఎలుకకైనా, ఎమ్మెల్యేకైనా! సైంటిస్టులు పనిగట్టుకుని ఎలుకలో దాన్ని తీసేస్తారు. కాపలా పోయాక గడ్డ ఎలా పెరుగుతుందో, ఏ మందుకు లొంగుతుందో చూస్తారు.

పాపం అంటారా? దాని వైభోగం వినండి! ఏసీ గది. వడగట్టిన గాలి. దాని ముందుకు వెళ్లాలంటే జయానందం స్నానం చేయాలి. పెళ్లిచూపులకు కూడా చేయని మనిషి! రోజూ ఒక మేడమ్ వచ్చి ఒక్కో ఎలుకనూ వేళ్లతో తడిమి చూస్తుంది. నువ్వుగింజంత గడ్డ తగిలిందా, ఇక స్కానింగులు, ఫొటోలు, పెద్దసార్ల మీటింగులు! రోగం రాకముందే డాక్టరు వచ్చి కూర్చునే యోగం మీలో ఎవరికుంది?

మా పక్కింటి దుర్గమ్మ పెద్దమ్మకైతే లేదు. ఆమె రొమ్ములో నిమ్మకాయంత గడ్డ. ఇక్కడి డాక్టరు తలెత్తకుండానే "హైదరాబాద్ పోండ్రి" అన్నాడు. అప్పటికే తెలంగాణ కోసం సమ్మె. బస్సులు బంద్. ఆటోలో బయల్దేరితే నర్సాపూర్ దగ్గర నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి సమ్మెవాళ్ల వంటావార్పు!

దవాఖానకు పోతున్నానంటే వాళ్లు వదిలేవాళ్లే. కానీ ఎక్కడ గడ్డ అని అడుగుతారేమోనని పెద్దమ్మ సిగ్గుపడి, చుట్టాలింటికి పోతున్నానంది.

"చుట్టాలు యాడికి పోతరు పెద్దమ్మా? ఎన్కకు మల్లుండ్రి. ఉత్త కడుపుతోని మాత్రం పోవద్దు" అని విస్తరేసి, పప్పన్నం పెట్టి మరీ తిప్పి పంపారు. ఎంత మర్యాద!

"రాష్ట్రమొచ్చినంక చూపిచ్చుకుంట తియ్ బిడ్డా. గప్పుడు మనకాన్నే పెద్ద దవాఖాన వడ్తదట" అంది నాతో.

మొన్న జయానందం బైక్ మీద వచ్చి, మా అరుగు మీద ఈ ఎలుకల ముచ్చట చెబుతుంటే ఆమె దగ్గరగా వచ్చి కూర్చుంది.

"రోజు చెయ్యి వెట్టి చూస్తదా ఆమె?"

"ఒక్క దినం గూడ తప్పది పెద్దమ్మా."

"ఆడమనిషేనా?"

"ఆడమనిషే."

"జర నన్ను గూడ చూడమను బిడ్డా. తానం జేసే వస్త."

"గామె ఎలుకలనే చూస్తది పెద్దమ్మా. మనుషులను చూడది."

"మరి మనుషులను చూసేటోల్లు ఏడున్నరు?"

జయానందం నా వైపు చూశాడు. జోకులకు నేను ఫేమస్ కదా!

సరే, మీరే వినండి. బడులు బంద్, బస్సులు బంద్, ఆఫీసులు బంద్. మెదక్ మొత్తంలో ఒక్క రోజు కూడా సమ్మె చేయకుండా డ్యూటీ చేస్తున్నది దుర్గమ్మ పెద్దమ్మ గడ్డ ఒక్కటే!