పేరు కొట్టేసిన ఫ్రిజ్

నాందేడ్‌లో బడిపంతులు కైలాస్ ఆ ఉదయం సెలవు పెట్టి, వంటింట్లో కొత్త ఫ్రిజ్‌కు చోటు చేశాడు. తల్లి శివవ్వ షుగర్ ఇంజెక్షన్లు ఇంతకాలం పక్కింటి విమలాబాయి ఫ్రిజ్‌లో ఉండేవి. మందు కోసం వెళ్లినప్పుడల్లా ఆమె వీళ్ల ఇంటి గుట్లన్నీ ఆరా తీసేది. ఇక ఆ పీడ వదులుతుందని భార్య మనీష సంబరపడింది.

సూది నుంచి ఏసీ దాకా అమ్మే పెద్ద కంపెనీలో ఆ ఫ్రిజ్ కొన్నారు. కొన్నప్పటి నుంచీ టీవీ కొనండి, మిక్సీ కొనండి అని ఒకటే ఫోన్లు. జనం వివరాలు కాపాడని కంపెనీలకు కొత్త చట్టం కింద భారీ జరిమానా పడుతుందని పేపర్లో చదివిన కైలాస్, వాళ్లను గట్టిగా దబాయించాడు. తన వివరాలు కంపెనీ మనుషులెవరికీ కనబడకూడదన్నాడు. కంపెనీ నిజంగానే భయపడి, అతని వివరాలకు తాళం వేసింది.

కిరాయి టెంపో వచ్చింది. డ్రైవర్ దిగంబర్ ఫ్రిజ్‌ను గల్లీ మధ్యలో దింపి, ఇది ఎవరిదని అందరినీ అడిగాడు. పెట్టె మీద పేరు, ఇంటి నంబరు నల్లగా కొట్టేసి ఉన్నాయి. పుణేలో ఉన్న అల్లుడు పంపి ఉంటాడని ఎదురింటి రామకిషన్ ఒకవైపు పట్టుకున్నాడు. లక్కీ డ్రాలో తనకే తగిలిందని విమలాబాయి రెండోవైపు పట్టుకుంది.

"గది నాది. బిల్లు సూడు," అన్నాడు కైలాస్ పరుగెత్తుకొచ్చి.

"బిల్లు మీద గూడ పేరు కొట్టేసిన్రు సాబ్. ఫోన్ అడిగినదానికి జవాబు చెప్పున్రి. సరిపోతే అదే అవునంటది," అని దిగంబర్ ఫోన్ చాపాడు.

ఫోన్‌లోని యంత్రం గొంతు పుట్టిన తేదీని మరాఠీలో అడిగింది. కైలాస్ భార్య వైపు చూసి మెల్లగా చెప్పాడు. వినబడలేదంది ఫోన్. గట్టిగా చెప్పక తప్పలేదు.

"పెండ్లప్పుడు ఆరేండ్లు తక్కువ చెప్పిన్రా?" అంది మనీష.

ఇంతకుముందు తమ కంపెనీలో ఏం కొన్నారని ఫోన్ అడిగింది. రంగు అంటే ఒప్పుకోలేదు, వివరంగా చెప్పమంది.

"నెత్తికేసే నల్లరంగు. మీసాలకు గూడ," అని అరిచాడు కైలాస్.

కొడుకుకు ఒక్క తెల్లవెంట్రుక లేదని ఊరంతా చెప్పుకున్న శివవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చివరగా, వివరాలకు తాళం వేసినప్పుడు అతనే పెట్టుకున్న రహస్య మాట అడిగింది. కైలాస్ ఎండలో ఉన్న పెట్టె వైపు చూశాడు. తల్లి మందు గుర్తొచ్చి కళ్లు మూసుకున్నాడు.

"విమలాబాయి నోరు," అన్నాడు.

ఫోన్ అవునంది. రామకిషన్ నవ్వాపుకోలేక పెట్టె వదిలేశాడు. విమలాబాయి ఇంట్లోకి వెళ్లి, ఇంజెక్షన్ల డబ్బా తెచ్చి మనీష చేతిలో పెట్టి, మొదటిసారి ఏమీ అడక్కుండా తిరిగి వెళ్లిపోయింది.

ఫ్రిజ్ లోపలికి చేరగానే కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. తమ సిబ్బందిలో ఒక్కరికి కూడా కైలాస్ వివరాలు తెలియవని ఒకావిడ మర్యాదగా హామీ ఇచ్చింది.

అది నిజమే, ఆ గల్లీలో కంపెనీ సిబ్బంది ఎవరూ కాపురం లేరు.