ఎక్స్ విలువ ఏడు

అండమాన్ దీవుల్లోని మాయాబందర్‌లో ఎక్స్ విలువ ఏడుగా ఖరారైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. శతాబ్దాలుగా గణిత మేధావులు తేల్చలేని ఈ సంగతిని తనిఖీ అధికారి లోకనాథం గారు మధ్యాహ్న భోజనానికి ముందే తేల్చేశారు.

ఆ రోజు ఆయన పోర్ట్‌బ్లెయిర్ నుంచి బదిలీ అయి వచ్చి తిన్నగా శ్రీలక్ష్మి టీచరు క్లాసులోకి నడిచారు. బోర్డు మీద ఒక లెక్క ఉంది. పడవలో ఎక్స్ మంది ఉన్నారు, జెట్టీలో ఇంకో ముగ్గురు ఎక్కారు, మొత్తం ఎక్స్ ప్లస్ మూడు.

"ఎక్స్ అంటే ఎంత మేడం?"

"తెలీదు సార్. ఎంతైనా కావచ్చు. అందుకే అక్షరం పెట్టాం."

లోకనాథం గారు నొచ్చుకున్నారు. "సర్కారు జీతం తీసుకుంటూ పిల్లల ముందు తెలీదంటారా? లైఫ్ జాకెట్లు ఎన్ని ఇవ్వాలో ఎవరు చెప్తారు? ఏడు అని రాయండి, బస్, అంతే!"

శ్రీలక్ష్మి రాయలేదు. మర్నాటి నుంచి ఆమెకు డ్రిల్లు పీరియడ్లు ఇచ్చారు. ఎండలో ఈల ఊదుతూ కూడా ఆమె క్లాసు కిటికీ వైపే చూసేదంటారు. గణితానికి అలవాటుపడ్డ మనిషి కదా.

క్లాసు మాత్రం వృద్ధిలోకి వచ్చింది. ఎక్స్ ప్లస్ మూడు పది, రెండు ఎక్స్‌లు పద్నాలుగు. అందరికీ నూటికి నూరు. వై విలువ పరిశీలనలో ఉంది.

తల్లిదండ్రులు సభ పెట్టి లోకనాథం గారికి శాలువా కప్పారు. "అనిశ్చితిని ఈ దీవుల నుంచి సముద్రంలోకి నెట్టేశాం!" అని ఆయన గర్జించారు. చప్పట్లు మోగాయి.

చప్పట్లు కొట్టిన ఆ చేతులే సాయంత్రం శ్రీలక్ష్మి ఇంటి తలుపు తట్టాయి. "దీదీ, బడిలో ఏడే ఉండనీండి. మా వాడికి మాత్రం అసలుది చెప్పండి, బోర్డు పరీక్ష ఉంది కదా" అన్నాడు జెట్టీ క్లర్కు దుర్గారావు. అతని వెనక మిగతావాళ్లు. అందరికంటే వెనక, లోకనాథం గారి భార్య, కూతురు పూజ చెయ్యి పట్టుకుని.

శ్రీలక్ష్మి అందరినీ రానిచ్చింది. క్లాసులో రానిది వాసవి అనే పిల్ల ఒక్కతే. టీచరు స్వయంగా చేపల బజారుకు వెళ్లి వాసవి తల్లి యర్రమ్మను బతిమాలింది.

"వద్దు దీదీ. అంత పెద్ద సారు ఏడని చెప్తే, దొంగచాటుగా ఇంకోటి నేర్పిస్తానా? గలత్ కదా, తప్పు కదా?" అంది యర్రమ్మ. వాసవి కూడా తలూపింది. తెలివైన పిల్లే, పైగా నమ్మకస్తురాలు.

బోర్డు పరీక్షలో అడిగారు: ఒకరి వయసు ఎక్స్ ఏళ్లు, ఐదేళ్ల తర్వాత వయసును బీజీయ సమాసంగా రాయండి. అందరూ ఎక్స్ ప్లస్ ఐదు అని రాశారు. వాసవి పన్నెండని గుండ్రంగా రాసి, కింద గీత కూడా గీసింది.

బడి మొత్తం మీద లెక్కల్లో తప్పింది ఆ పిల్లే. ఫలితాల సభలో లోకనాథం గారు ఎంతో బాధపడ్డారు.

"కొందరు పిల్లలకు సొంతంగా ఆలోచించడం రాదు. పెద్దలు చెప్పిందే పట్టుకు వేలాడతారు. కసూర్ ఎవరిది, తప్పెవరిది? పెంపకానిది!"

యర్రమ్మ వెనక వరసలో తల దించుకుంది. మనమందరం చప్పట్లు కొట్టాం.