జస్టిన్ సారు చూసే ప్యాకేజీలు

రెండు వేల ఏడులో ఒక రెండో శనివారం పొద్దున, భద్రాచలంలో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పే జస్టిన్ ఒకే ఒక్క పని పెట్టుకుని కూర్చున్నాడు. లినక్స్ అని, ఎవరైనా పైసా ఇవ్వకుండా వాడుకోదగ్గ కంప్యూటర్ వ్యవస్థ ఒకటుంది. బయటివాళ్లు రాసిన ప్రోగ్రాములను దానికి సరిపడేలా సర్ది, పరీక్షించి, ప్యాకేజీలుగా కట్టి అందరికీ అందించే స్వచ్ఛంద కార్యకర్తలు దేశదేశాల్లో ఉన్నారు. వాళ్లలో జస్టిన్ ఒకడు. అతని కింద మూడు ప్యాకేజీలున్నాయి. వాటిలో తెలుగు టైపు చేసే ప్యాకేజీకి కొత్త కూర్పును ఆ సాయంత్రం ఆరు లోపు పంపాలి. ఆరేళ్లుగా ఈ చాకిరీ చేస్తున్నా, తిట్టిన ఉత్తరాలే గానీ మెచ్చిన ఉత్తరం ఒక్కటీ రాలేదు.

అతని భార్య సంపూర్ణ ఫ్లాస్కు పట్టుకుని వీధి చివరి టీ కొట్టుకు వెళ్లింది.

"సెలవు రోజు గూడ సారు కంప్యూటర్ ముందటేనా అమ్మా?" అన్నాడు కొట్టు లచ్చిరాం.

"అవ్. ప్యాకేజీలు చూస్తరు. జీతం లేదు, లంచం లేదు. ఊరికే చేస్తరు," అంది సంపూర్ణ, కొంత గర్వంగా, కొంత విసుగ్గా.

గోదావరి ప్రాజెక్టు కింద మునిగే ఊళ్లవాళ్లకు ఆ రోజుల్లో ప్యాకేజీ అంటే ఒక్కటే: ఊరు పోయినందుకు సర్కారు ఇస్తానన్న ఇల్లూ, భూమీ. బల్ల మీద టీ తాగుతున్న కూనవరం వైపువాళ్లు నలుగురు ఆ మాట విని గ్లాసులు అక్కడే పెట్టేశారు.

జస్టిన్ తలుపు తీసేసరికి ఎదురుగా కారం లక్ష్మమ్మ అనే పెద్దావిడ, ఆమె వెనుక ఊరివాళ్లు ముగ్గురు నిలబడి ఉన్నారు.

"ప్యాకేజీలు చూసేది నువ్వేనా బిడ్డా?"

తన పని తెలిసినవాళ్లు ఈ అడవి అంచున కూడా ఉన్నారా అని జస్టిన్ పొంగిపోయాడు. "అవునమ్మా, నేనే."

"ఎన్నున్నయి నీ దగ్గర?"

"మూడే ఉన్నయి."

వెనకవాళ్ల ముఖాలు పాలిపోయాయి. ఊళ్లేమో వందల్లో ఉన్నాయి.

"ఎప్పటిదాక?"

"సాయంత్రం ఆరింటికల్లా పంపాలె. దాటితే లిస్టుల నుంచి తీసేస్తరు."

ఉన్నమాటే చెప్పాడు పాపం. పదకొండయ్యేసరికి రెండు జీపుల జనం పట్టాలూ రేషన్ కార్డులూ పట్టుకుని వాకిట్లో దిగారు. నీ పైన ఎవరున్నారని ఒకాయన అడిగాడు. పైవాళ్లు జర్మనీలో ఉంటారన్నాడు జస్టిన్. "అందుకేనా, ఇక్కడ ఎవర్ని అడిగినా తెల్వదంటున్నరు," అని ఆయన తల పంకించాడు.

అంతలో రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ వెంకటనారాయణ మోటారుసైకిల్ దిగాడు. "ఎవరయ్యా నువ్వు? నా మండలంల ప్యాకేజీలు పంచుతున్నవంట?"

జస్టిన్ చెమటలు తుడుచుకుంటూ తెర చూపించి, మొదటి నుంచీ చెప్పుకొచ్చాడు. వెంకటనారాయణ విన్నాడు, జనం వైపు తిరిగాడు. "ఇవి కంప్యూటర్ ప్యాకేజీలు. మీవి కావు."

జనం కాగితాలు మడిచి సంచుల్లో పెట్టుకున్నారు. జస్టిన్‌కు తల ఎత్తబుద్ధి కాలేదు. లక్ష్మమ్మ మాత్రం అరుగు మీది నుంచి లేవలేదు.

"ఇంతకీ నువ్వు చేసేది ఏంది బిడ్డా?"

"కంప్యూటర్ల తెలుగు రాసేందుకు పనికొచ్చేది అమ్మా."

"తెలుగే కదా. అయితే మా అర్జీ రాయి."

ఆ మాటకు జస్టిన్ ప్రాణం లేచివచ్చింది. వెంటనే కూర్చుని ఆమె అర్జీ టైపు చేసి అచ్చు తీశాడు. కాగితాలు చూసి చూసి కళ్లరిగిన వెంకటనారాయణ దాన్ని అందుకుని ఆగాడు.

"లక్షమ్మ అని పడ్డది. మ వత్తు ఏది సార్? పేరు తప్పు పడితే, ఊరు మునిగినా మనిషి మునిగినట్టు లెక్క కాదు."

జస్టిన్ మళ్లీ టైపు చేసి చూశాడు. తప్పు అతనిది కాదు, కొత్త ప్యాకేజీది. మూడక్షరాలు కలిసిన చోట చివరి వత్తును మింగేస్తోంది. తన పేరుతో, సంపూర్ణ పేరుతో పరీక్షించి అంతా బాగుందనుకున్నాడు. పొద్దున అనుకున్నట్టు పంపేసి ఉంటే తెలుగునాట లక్ష్ములందరికీ వత్తు ఊడిపోయేది.

లోపం దొరికి, సరిదిద్దేసరికి మూడు దాటింది. అప్పటిదాకా ఎవరూ కదల్లేదు. సంపూర్ణ పెద్ద గిన్నెలో కిచిడీ వండి అందరికీ పెట్టింది. ఆ తర్వాత జస్టిన్ వరుసగా అర్జీలు కొట్టాడు. ఒక్క వత్తూ జారలేదు. ఆరుకు పది నిమిషాలుండగా టెలిఫోన్ లైను కలిపి ప్యాకేజీ పంపాడు. ప్యాకేజీతో పాటు వెళ్లే మార్పుల చీటీలో, "లోపం చూపినవారు: కారం లక్ష్మమ్మ, వెంకటనారాయణ. వీరికి కృతజ్ఞతలు," అని రాశాడు.

లక్ష్మమ్మ సంచిలోంచి చింతపండు తీసి సంపూర్ణ చేతిలో పెట్టింది. "ప్యాకేజీ ఇయ్యకపోయినా కూసోబెట్టి రాసిచ్చినవు బిడ్డా. గట్ల ఎవరు చేసిన్రు?"

ఆరేళ్లకు అందిన మొదటి మెచ్చుకోలు అది. జస్టిన్ లేచి చేతులు జోడించాడు. "నేనే నీకు దండం పెట్టాలెనమ్మా. నా పని నిలబెట్టినవ్," అన్నాడు.

జీపులు వెళ్లిపోయాయి. వెంకటనారాయణ మాత్రం మోటారుసైకిల్ దగ్గర తచ్చాడి వెనక్కి వచ్చాడు.

"మాది గూడ ఏటి ఒడ్డు ఊరే సార్. అది గూడ మునుగుతది. నాకూ ఒకటి కొట్టు."

"ఎవరికని రాయాలె?"

"రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ గారికి."

సోమవారం ఆఫీసులో వెంకటనారాయణ ఆ అర్జీని తన చేతులతో తానే అందుకుని, పదిహేను రోజులాగి కనబడమని తనకే చెప్పుకున్నాడట.