రెండు కొమ్ముల కుట్టు మిషన్

పోలీసు రిపోర్టులో జరిగింది జరిగినట్టు రాయాలని ఎవరండీ అనేది? వాళ్లను ఒక్కసారి మా స్టేషన్ రైటర్ గారి దగ్గరికి పంపండి. కళ్లు తెరుచుకుంటాయి!

ఆయన ఫిర్యాదు వినరు, నోట్సు రాసుకోరు. కంప్యూటర్లో ఒకే ఒక్క పాత రిపోర్టు ఉంది. ఎవరొచ్చినా దాన్నే కాపీ కొట్టి, పోయిన వస్తువు పేరు మార్చేస్తారు. ఎంత పొదుపు! ఎన్ని పెన్నులు మిగిలాయి, ఎన్ని చెవులు అరగకుండా ఉన్నాయి!

మొన్న మా అక్క కుట్టు మిషన్‌ను ఎవడో ఎత్తుకుపోయాడు. ఆవిడ ఇల్లు గడిచేదే దాని మీద. లబోదిబోమంటూ స్టేషన్‌కు పరిగెత్తింది, వెనకాలే నేను.

"నల్ల మిషన్ సార్. పెడల్ విరిగితే రాగి తీగతో కట్టాను. చక్రం మీద అడ్డంగా గీత ఉంటుంది... రాసుకోవట్లేదేంటి సార్?"

"అంతా ఇక్కడుంటుందమ్మా," అని రైటర్ గారు తన బుర్ర మీద వేలితో కొట్టి చూపించారు.

రెండు నిమిషాల్లో రిపోర్టు వచ్చేసింది! కంగారులో అక్క చదవకుండానే సంతకం పెట్టింది. ఇంటికొచ్చి చూస్తే ఏముంది? పాత రిపోర్టు గేదె దొంగతనానిది. "సదరు కుట్టు మిషన్ నల్లనిది, రెండు కొమ్ములు గలది, చూలుతో ఉన్నది, పెరట్లో మేత మేయుచుండగా అపహరింపబడినది." ఆహా, ఏం శైలండీ! దిద్దమని మళ్లీ వెళ్తే, "స్టాంపు పడిపోయిందమ్మా" అన్నారు.

వారంలో దొంగ మిషన్‌తో సహా దొరికాడు. కోర్టులో జడ్జి గారు మిషన్ చుట్టూ తిరిగి చూశారు.

"కొమ్ములేవి?"

"దానికి కొమ్ములేంటండీ! ఇదిగో తీగ, ఇదిగో గీత! నాదేనండీ!"

"అవి రిపోర్టులో లేవు కదమ్మా."

రైటర్ గారి నోట్సు పుస్తకం తెప్పించారు. మల్లెపువ్వులా తెల్లగా ఉంది. కేసు కొట్టేశారు. మిషన్ ఎవరి దగ్గర దొరికిందో వాడికే ఇచ్చేశారు.

వాడిప్పుడు బుద్ధిగా టైలరింగ్ షాపు పెట్టుకున్నాడు. వేరే దారి లేక అక్క అక్కడే పనికి చేరింది, తన మిషన్ మీదే కూర్చుని కుడుతోంది. చూశారా, రైటర్ గారి పుణ్యమా అని ఒక దొంగ బాగుపడ్డాడు!

నిన్న షాపుకెళ్లాను. వచ్చినవాళ్లను వాడు కుర్చీ వేసి కూర్చోబెడుతున్నాడు. చెప్పేదంతా ఓపిగ్గా విని, మెడ ఎంతో చెయ్యి ఎంతో పుస్తకంలో రాసుకుని, రాసింది తిరిగి చదివి వినిపిస్తున్నాడు.

అక్క సూదిలో దారం ఎక్కిస్తూ నాకేసి చూసి నిట్టూర్చింది.

"ఆ రోజు స్టేషన్‌లో వీడు కూర్చుని ఉంటే, నా మిషన్ నాకొచ్చేదిరా."