అపవాది మీద వేసిన నింద

ఆ ఆదివారం ఉదయం సంఘ పెద్ద జకరయ్య అనుకున్నది చిన్న పనే. మోటారు వేసి బాప్తిస్మం తొట్టి నింపాలి, ఆరాధన వేళకు ముందు వరుసలో కూర్చోవాలి. మోటారు వేశాడు. తొట్టి నిండేలోగా టీ తాగొద్దామని బోగోలు రోడ్డు మీదికి వెళ్ళాడు. అక్కడ రొయ్యల చెరువుల మాట వచ్చింది. ఆ ఏడు చెరువులన్నీ తెగులొచ్చి పోయాయి కనుక ఆ మాటకు అంతు లేకపోయింది.

తిరిగొచ్చేసరికి తొట్టి పొంగి, గుళ్ళో చాపలన్నీ తడిసి, మైకు పెట్టె నీళ్ళలో మునిగి ఉంది. పాస్టరు మధుబాబు ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని దిగాలుగా నిలబడ్డాడు.

"ఎట్టా జరిగింది పెద్దాయనా?"

జకరయ్య నిజం చెప్పడానికే నోరు తెరిచాడు. "అపవాది పనే అయ్యగారూ! ఆ సాతాను బాప్తిస్మాలు ఆపాలని చూసినాడు" అన్న మాట బయటికొచ్చింది.

పాస్టరు కుర్రవాడు, ఎదుటి మనిషి మాటను ఇట్టే నమ్ముతాడు. బాప్తిస్మాలు వాయిదా వేసి వారమంతా ఉపవాస ప్రార్థనలు ప్రకటించాడు. అపవాదికి దారి ఇచ్చిన పాపం ఎవరిదా అని పాలెమంతా ఒకరినొకరు అనుమానంగా చూసుకుంది. ఇద్దరు అన్నదమ్ములు పాత పడవ తగాదా తవ్వుకుని గుడి ముందే చొక్కాలు చించుకున్నారు. జకరయ్య కూడా పస్తులుండి, అందరికన్నా గట్టిగా అపవాదిని గద్దించాడు.

వారం ముగిసేలోగా సంఘంలోని రెబెక్కమ్మ మంచం పట్టింది. అసలే షుగరు మనిషి. సముద్రం మీద వేటకెళ్ళిన కొడుకు తిరిగిరానప్పుడు ఆమె దేవుణ్ణి తిట్టిందట. చూడబోయిన జకరయ్య చెయ్యి పట్టుకుంది.

"నా నోటివల్లే ఆ అపవాది గుళ్ళోకి వచ్చినాడయ్యా. ఇంక నేను ప్రభువు బల్ల రొట్టె ముట్టను. పైకి పోయినా నా బిడ్డ నాకు కనపడడు."

జకరయ్య చెయ్యి విడిపించుకున్నాడు. ఇంటికొచ్చి ప్రార్థనకు కూర్చున్నాడు. అపవాదిని గద్దించడానికి నోరు రాలేదు.

ఆదివారం సంఘం ముందు లేచి నిలబడ్డాడు. "అపవాదీ లేడు, ఎవరూ లేరు. మోటారేసి నేనే టీకి పోయినా. అబద్ధం చెప్పినా. రెబెక్కమ్మ తప్పేమీ లేదు."

మధుబాబు కళ్ళు తుడుచుకున్నాడు. "చూసినారా! ఒక తల్లి దుఃఖం తీర్చేదానికి నింద తనమీద వేసుకున్నాడు మన పెద్దాయన!"

గుడి హల్లెలూయాలతో మారుమోగింది. "నిజంగా నేనే!" అని ఆయన మొత్తుకున్నకొద్దీ అవి ఎక్కువయ్యాయి. ఎవరో శాలువా కప్పారు.

మంచం మీంచి లేచి గుడికొచ్చిన రెబెక్కమ్మ గోడ పట్టుకుని దగ్గరికొచ్చి ఆయన మొహంలోకి చూసింది.

"నువ్వేనా?"

"నేనేనమ్మా."

"ఇన్నాళ్ళూ నన్ను ఏడిపించినావు గదరా!"

చెంప చెళ్ళుమంది. హల్లెలూయాలు ఠక్కున ఆగాయి. ఆమె నేరుగా వెళ్ళి ప్రభువు బల్ల ముందు మోకరించింది. జకరయ్య శాలువా తీసి పక్కన పెట్టి ఆమె వెనకే మోకరించాడు.

దవడ కదలనందువల్ల ఆ పూట ఆయన మనసులోనే ప్రార్థన చేసి, దేవుడికి నిజం మాత్రమే చెప్పాడు.